మూడు గ్రాండ్ టూరర్లు, ఒకటే తగవు: బెంట్లీ, ఆస్టన్ మార్టిన్, ఫెరారీలలో ఏది ఎవరికి?

2024 మే నెలలో ఫెరారీ సంస్థ మయామీలో 12చిలింద్రి అనే కారును బయటపెట్టింది. జూన్‌లో ఇంగ్లండ్‌లోని క్రూ పట్టణం నుంచి బెంట్లీ నాలుగో తరం కాంటినెంటల్ జీటీ స్పీడ్ వచ్చింది. సెప్టెంబరు మొదట్లో ఆస్టన్ మార్టిన్ తన కొత్త వాంక్విష్‌ను చూపించింది. అయిదు నెలలు తిరగకుండానే ఒకే కోవకు చెందిన మూడు ఖరీదైన కార్లు రంగంలోకి దిగడంతో, కార్లంటే ప్రాణం పెట్టేవారి మధ్య అప్పుడు మొదలైన తగవు నేటికీ సద్దుమణగలేదు. ఏది అందంగా ఉంది, ఏది వేగంగా పోతుంది అన్నవే ఆ తగవులోని రెండు ప్రశ్నలు. ఆ రెండూ అడగవలసిన ప్రశ్నలే గానీ, అందాన్ని ముందున్న దీపాల్లో, వేగాన్ని సున్నా నుంచి వందకు చేరే సెకన్లలో వెతుక్కోవడం వల్ల వాదన తెగడం లేదని నా అభిప్రాయం. వీటిని కొనగలిగిన వారు కొద్దిమందే, వీటి గురించి వాదించేవారు ఎందరో. ఇద్దరికీ పనికివచ్చేలా ఈ పోలికను రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. గ్రాండ్ టూరర్ రేసు కారు కాదు. ముందు భాగంలో పెద్ద ఇంజిను, లోపల ఇద్దరు హాయిగా కూర్చోగలిగిన చోటు, వారి పెట్టెలకు సరిపడే డిక్కీ, రోజంతా వేగంగా నడిపినా ఒళ్లు హూనం కాని సస్పెన్షన్ ఉన్న కారు అది. 1952లో వచ్చిన బెంట్లీ ఆర్-టైప్ కాంటినెంటల్ నలుగురు మనుషులను, వారి సామానును ఎక్కించుకుని గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో దూరప్రయాణం చేయగలిగేది. ఈ జాతి కార్లకు నేటికీ అదే కొలబద్ద. మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నా, ఎంత వేగంగా పోగలదని కాక, ఆ వేగంతో ఎంత దూరం, ఎంత సుఖంగా, ఎవరితో కలిసి పోగలమని అడగాలి.

ముఖాల మీద తగవు

బెంట్లీ విషయంలో గొడవంతా హెడ్‌లైట్ల గురించే. 2003 నుంచి మూడు తరాల పాటు కాంటినెంటల్ జీటీకి పక్కకు రెండేసి చొప్పున నాలుగు గుండ్రని దీపాలు ఉండేవి. అద్దంలో దూరంగా కనిపించినా వెనుక వస్తున్నది బెంట్లీ అని తెలిసిపోయేది. నాలుగో తరంలో పక్కకు ఒక్కో దీపమే మిగిలింది, దానికి అడ్డంగా కనుబొమలాంటి గీత ఒకటి వచ్చింది. సంస్థ 18 మాత్రమే తయారుచేసిన బటూర్ అనే ప్రత్యేక కారులో 2022లోనే ఈ పోకడ కనిపించింది కనుక తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించలేదు గానీ, పాత అభిమానులు మాత్రం కారు తన గుర్తింపును పోగొట్టుకుందని గట్టిగానే నిరసించారు. సంప్రదాయం పేరుతో చేసే ఈ వాదన నిలబడదు. వారు ఆదర్శంగా చూపే 1952 కాంటినెంటల్‌కు కూడా పక్కకు ఒక్కటే హెడ్‌లైటు ఉండేది. నా మటుకు నాకు కొత్త దీపం బాగానే ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే లోపలి పలకలు సానపట్టిన గాజులా మెరుస్తాయి, ఆ పనితనం ఫొటోల్లో దొరకదు. నాకు నచ్చనిది గ్రిల్ వెడల్పు. ఒక్కో దీపం వల్ల ముఖం ప్రశాంతంగా మారిన తరువాత ఆ గ్రిల్ మునుపటి కంటే పెద్దదిగా కనిపిస్తోంది.

ఫెరారీ మీద విమర్శ ఇంతకంటే తీవ్రమైనది. 12చిలింద్రి ముక్కు మీద ఒక దీపం నుంచి మరో దీపం వరకు నల్లని పట్టీ సాగుతుంది. 1968లో పారిస్ ప్రదర్శనలో కనిపించిన 365 జీటీబీ/4 కారుకు, అంటే అందరూ డేటోనా అని పిలుచుకునే కారుకు, మొదట్లో ముక్కు పొడవునా పారదర్శకమైన పట్టీ ఉండేది. కొత్త పట్టీ దాని జ్ఞాపకమే. ఫ్లావియో మంజోనీ నాయకత్వంలోని డిజైన్ బృందం ఆ జ్ఞాపకాన్ని అనుకరణగా కాక, శాస్త్రకల్పనలోని వాహనంలా మలచింది. ఈ కారును చూసినవారు వెంటనే రెండు జట్లుగా విడిపోతారు, మధ్యేమార్గం అరుదు. ఇక్కడ రంగు చాలా పని చేస్తుంది. తెలుపు, పసుపు వంటి లేత రంగుల మీద ముక్కు మీది పట్టీ, వెనుక అద్దం చుట్టూ ఉన్న నల్లని త్రిభుజాకారం రెండూ కొట్టొచ్చినట్టు కనబడతాయి. ముదురు నీలం మీద అవి కలిసిపోయి, కారు సగం వయసు పెరిగినట్టు గంభీరంగా మారుతుంది. కనుక ఒక్క ఫొటో చూసి ఈ కారు బాగోలేదని తేల్చేసినవారు మరో రంగులో ఇంకోసారి చూడటం మంచిది.

వాంక్విష్ ముఖానికి శత్రువులు తక్కువ. గ్రిల్ దీనికి ముందున్న డీబీఎస్ కారుది కంటే పెద్దదైనా ఆస్టన్ మార్టిన్ ముఖం కాబట్టి అందరికీ అలవాటైపోయింది. తగవు దాని వీపు మీదనే. నిలువునా కోసినట్టున్న వెనుక భాగంలో, రెండు దీపాల మధ్య డాలులాంటి ఒక పలక గాలిలో తేలుతున్నట్టు అమర్చారు. కొందరికి అది ఈ కారులోని అతి ధైర్యమైన అంశం, మరికొందరికి నంబరు ప్లేటు అతికించడం మరిచిపోయిన ఖాళీ స్థలం. ఆ పలకను కారు రంగులోనే తీసుకుంటే రెండో జట్టు వాదనకు బలం చేకూరుతుంది, కార్బన్ ఫైబరుతో తీసుకుంటే చాలావరకు సద్దుకుంటుంది.

ఇంతవరకూ చెప్పుకున్నదంతా ముందూ వెనుకల సంగతి. పెళ్లిచూపుల్లో ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకోవడం ఎలాంటిదో, గ్రాండ్ టూరర్‌ను దీపాలు చూసి నిర్ణయించడం అలాంటిది. పక్కనుంచి చూడాలి. పదిహేను అడుగులు వెనక్కి వెళ్లి, ముందు చక్రం మధ్యబిందువుకూ తలుపు ముందు అంచుకూ మధ్య ఉన్న దూరాన్ని గమనించాలి. పొడవైన ఇంజిను ముందు ఇరుసుకు వెనుక, డ్రైవరుకు దగ్గరగా కూర్చున్నప్పుడే ఆ దూరం పెరుగుతుంది. దాన్ని చూడగానే ఈ కారు వెనుక చక్రాలతో నేలను తన్ని ముందుకు దూకుతుందని కన్ను అనుకుంటుంది. అందం, పనితీరు ఒకే చోట కలిసేది ఇక్కడే. ఈ సంగతి తెలిసే ఆస్టన్ మార్టిన్ వారు వాంక్విష్ చక్రాల మధ్య దూరాన్ని 80 మిల్లీమీటర్లు పెంచి, ఆ పెంపు మొత్తాన్ని ముందు ఇరుసుకూ ముందు అద్దం పక్కనుండే స్తంభానికీ మధ్యనే పెట్టారు. లోపలి మనుషులకు దానివల్ల ఒక్క మిల్లీమీటరు కూడా అదనంగా దక్కదు. కేవలం నిలబడిన తీరు కోసం అంత లోహం ఖర్చు పెట్టడం వృథా అనేవారు ఈ కార్ల జోలికి రాకపోవడమే మేలు.

బెంట్లీ వంశవృక్షంలో ఇదే విషయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మొదటి తరం కాంటినెంటల్ జీటీలో పన్నెండు సిలిండర్లున్న బరువైన డబ్ల్యూ12 ఇంజిను ముందు ఇరుసు మీదుగా ముందుకు తోసుకుని ఉండేది, కారు ముక్కు చక్రాలను దాటి చాలా దూరం పొడుచుకొచ్చేది. 2017లో మూడో తరం వచ్చినప్పుడు ముందు చక్రాలను 135 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. ఆ ఒక్క మార్పుతో కారు నిలబడే తీరే మారిపోయింది. నాలుగో తరం ఆ అస్థిపంజరాన్నే నిలుపుకుంది కనుక పక్కనుంచి చూస్తే తన పూర్వీకులందరికంటే మెరుగ్గానే ఉంటుంది. అయినా 4.9 మీటర్ల పొడవుతో, ఎత్తయిన నడుముతో, మూడింటిలో భారీగా కనిపించేది ఇదే. ఫెరారీ అందుకు పూర్తిగా భిన్నం. దాని ఎత్తు 1.29 మీటర్లు మాత్రమే, పన్నెండు సిలిండర్లూ ముందు ఇరుసుకు వెనుకే ఉంటాయి, గేర్‌బాక్సు వెనుక ఇరుసు దగ్గర ఉంటుంది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. అది తెరిచి ఇంజిను ఎంత లోపలికి ఒదిగి కూర్చుందో ఒక్కసారి చూస్తే, నల్లపట్టీ గురించి మాట్లాడుతూ ఎంత సమయం వృథా చేశామో తెలుస్తుంది.

పక్కచూపులో నా ఓటు వాంక్విష్‌కు. ఫెరారీ రెండో స్థానం. బెంట్లీ మూడోది, కానీ ఆ మూడో స్థానం దాని అసలు బలాలకు అడ్డు కాదు.

అంకెలు ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు

కంపెనీలు చెప్పే అంకెలను ఒకచోట పేరిస్తే ఇలా ఉంటాయి. ఫెరారీలో 6.5 లీటర్ల వి12, అంటే వి ఆకారంలో పన్నెండు సిలిండర్ల ఇంజిను, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బోలు లేవు, 830 హార్స్‌పవర్, 678 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. వాంక్విష్‌లో రెండు టర్బోలతో 5.2 లీటర్ల వి12, 835 హార్స్‌పవర్, 1000 న్యూటన్ మీటర్లు. బెంట్లీలో 4 లీటర్ల టర్బో వి8కు 190 హార్స్‌పవర్ విద్యుత్ మోటారు తోడై మొత్తం 782 హార్స్‌పవర్, 1000 న్యూటన్ మీటర్లు. సున్నా నుంచి వంద కిలోమీటర్లకు ఫెరారీ 2.9 సెకన్లు, బెంట్లీ 3.2, వాంక్విష్ 3.3. గరిష్ఠ వేగం ఫెరారీకి 340 పైన, వాంక్విష్‌కు 345, బెంట్లీకి 335 కిలోమీటర్లు.

ఈ వరుసలో ఒక వింత ఉంది. బెంట్లీ బరువు 2459 కిలోలు. తనకంటే కొన్ని వందల కిలోలు తేలికైన వాంక్విష్‌ను అది వందకు చేరే పందెంలో దాటేస్తోంది. కారణం సులభమే. బెంట్లీ నాలుగు చక్రాలతోనూ నేలను పట్టుకుంటుంది, పైగా విద్యుత్ మోటారు నిలబడి ఉన్నప్పుడే తన 450 న్యూటన్ మీటర్ల సత్తువను అందిస్తుంది. మిగిలిన రెండు కార్లు రెండు వెనుక చక్రాలతోనే అంత శక్తినీ దించాలి కాబట్టి మొదటి సెకనులో టైర్ల పట్టే వాటికి హద్దు. అంటే ఈ సెకన్లు కొలుస్తున్నది ఇంజిను గొప్పతనాన్ని కాదు, బయలుదేరే క్షణంలో ఉన్న పట్టును. దూరప్రయాణంలో సున్నా నుంచి బయలుదేరే సందర్భాలు ఎన్ని ఉంటాయో ఎవరికి వారే లెక్కవేసుకోవచ్చు.

బరువుల పోలికలో ఇంకో మతలబు ఉంది. ఫెరారీ చెప్పే 1560 కిలోలు, వాంక్విష్‌కు చెప్పే 1774 కిలోలు పొడి బరువులు, అంటే పెట్రోలు, నూనెలు, కూలెంటు లేకుండా, అదీ డబ్బు పెట్టి కొనే తేలికైన భాగాలు బిగించి తూచినవి. బెంట్లీ చెప్పేది రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న బరువు. ఫెరారీ ట్యాంకులో పట్టే 92 లీటర్ల పెట్రోలే దాదాపు 68 కిలోలు తూగుతుంది. ఆస్టన్ మార్టిన్ వారి చిన్న కారు డీబీ12కు సంస్థే రెండు బరువులూ చెప్పింది: పొడిగా 1685, నింపాక 1788. ఆ నూరు కిలోల తేడాను గుర్తుపెట్టుకోకుండా ఒక కారు పొడి బరువును మరో కారు నిండు బరువుతో పోల్చి గెలుపోటములు ప్రకటించేవారి మాట పట్టించుకోనక్కరలేదు. అంత చేసినా బెంట్లీ బరువైనదే, అందులో సందేహం లేదు. కాకపోతే ఆ బరువు ఎక్కడుందన్నది ముఖ్యం. 25.9 కిలోవాట్ అవర్ బ్యాటరీని వెనుక భాగంలో పెట్టడం వల్ల కారు బరువు ముందు 49, వెనుక 51 పాళ్లుగా సర్దుకుంది. మలుపుల్లో ముక్కు బద్ధకించే పాత జబ్బుకు ఇదే మందు.

ఇక స్వభావాల సంగతి. రెండు వరుసల రోడ్డు మీద ఎనభైలో వెళుతూ, ముందున్న లారీని దాటవలసి వచ్చిందనుకుందాం. ఫెరారీలో ఎడమచేతి మీట రెండు మూడు సార్లు లాగి గేర్లు తగ్గించాలి. దాని టార్క్ శిఖరం ఇంజిను నిమిషానికి తిరిగే 7250 చుట్ల దగ్గర, హార్స్‌పవర్ శిఖరం 9250 దగ్గర, అంతకు మించి తిప్పకూడదనే ఎర్ర గీత 9500 దగ్గర ఉన్నాయి. 2500 చుట్ల నుంచే టార్క్‌లో 80 శాతం అందుతుందని సంస్థ చెప్పేది నిజమే, బద్ధకంగా నడిపినా కారు మొరాయించదు. కానీ డబ్బు పెట్టింది పై సగం కోసం, ఆ పై సగానికి వెళ్లినప్పుడల్లా ఇంజిను గొంతెత్తి పాడుతుంది. కొందరికి కారంటే అదే, మరికొందరికి నాలుగో గంటకల్లా అది తలనొప్పి. వాంక్విష్‌లో గేరు తగ్గించాల్సిన పని లేదు. 2500 నుంచి 5000 చుట్ల వరకు వెయ్యి న్యూటన్ మీటర్లూ నిండుగా ఉంటాయి, కాలు సగం నొక్కినప్పుడే టర్బోల్లో ఒత్తిడిని నిల్వ ఉంచే ఏర్పాటు ఉండటంతో పూర్తిగా నొక్కగానే పికప్ అలలా వచ్చి పడుతుంది. బెంట్లీలో లారీని దాటేస్తారు, పక్క సీట్లో నిద్రపోతున్న భార్యకు మెలకువ రాదు.

డబ్ల్యూ12 పోయిందని బాధపడేవారు చాలామంది ఉన్నారు. 2003లో మొదలై లక్షకు పైగా తయారైన ఆ ఇంజిను ఉత్పత్తి 2024 జూలైలో ఆగిపోయింది. వారి బాధ అర్థం చేసుకోదగినదే గానీ, ఆ ఇంజిను ఎన్నడూ గొంతుకు పేరుపడలేదు, మెత్తదనానికే పేరు. మూడో తరం స్పీడ్‌లో అది 659 హార్స్‌పవర్, 900 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. ఆ మెత్తదనాన్ని ఇప్పుడు మోటారు అంతకంటే బాగా అందిస్తోంది, పైగా గంటకు 140 కిలోమీటర్ల వరకు ఒక్క చుక్క పెట్రోలు కాల్చకుండా నడపగలదు. సిలిండర్ల లెక్కే గౌరవంగా భావించేవారికి మాత్రం ఈ సమాధానం రుచించదు. వారు మూడో తరం డబ్ల్యూ12ను సెకండ్ హ్యాండులో వెతుక్కోవడమే సరైన దారి, అదేమీ తక్కువ కారు కాదు.

రోజంతా కూర్చుంటే

నిజమైన ఎంపిక ఇక్కడ జరుగుతుంది. ఫెరారీ అధికారిక లెక్క ప్రకారం వంద కిలోమీటర్లకు 15.5 లీటర్లు తాగుతుంది. 92 లీటర్ల ట్యాంకుతో ఆరు వందల కిలోమీటర్ల లోపే బంకు వెతుక్కోవాలి, ఉత్సాహంగా నడిపితే ఇంకా ముందే. వాంక్విష్ కొంచెం తక్కువే తాగినా ట్యాంకు 82 లీటర్లే కాబట్టి దూరం దాదాపు అంతే. బెంట్లీ నిండు ట్యాంకు, నిండు బ్యాటరీతో 859 కిలోమీటర్లు పోతుందని సంస్థ లెక్క, అందులో 81 కిలోమీటర్లు విద్యుత్తు మీదే. బ్యాటరీ అయిపోయిన తరువాత కూడా పొదుపులో అదే ముందుంటుంది.

డిక్కీల విషయంలో మాత్రం బెంట్లీ తలవంచుకోవాలి. మూడో తరంలో 358 లీటర్ల చోటు ఉండేది, బ్యాటరీ వచ్చి కూర్చోవడంతో అది 260కి పడిపోయింది. ఫెరారీలో 270, వాంక్విష్‌లో 248. మూడింటిలోకీ పెద్ద కారు డిక్కీలో మూడింటిలోకీ చిన్న కారు కంటే వెనకబడటం ఎవరూ ఊహించి ఉండరు. కాకపోతే బెంట్లీలో వెనుక రెండు సీట్లున్నాయి. వాటిలో పిల్లలు కూర్చుంటారు, పెద్దలు గంట రెండు గంటలు ఓర్చుకుంటారు, ఎవరూ లేకపోతే బ్యాగులు కూర్చుంటాయి. మిగిలిన రెండు కార్లూ ఇద్దరివే.

లోపలి పనితనంలో బెంట్లీని కొట్టేది లేదు. గాలి గొట్టాలను తెరవడానికి, మూయడానికి లాగే చిన్న లోహపు గుబ్బలు ఉంటాయి. చల్లగా, బరువుగా వేలికి తగిలి, ఒక్కో మిల్లీమీటరూ ఒకే బిగువుతో జరుగుతాయి. కావాలనుకుంటే అమర్చే తిరిగే తెర ఇంకా ముచ్చటైనది. ఒక బటన్ నొక్కితే 12.3 అంగుళాల స్క్రీను లోపలికి తిరిగిపోయి, దాని చోట మూడు ముళ్ల డయళ్లో, నున్నని చెక్క పలకో వచ్చి కూర్చుంటుంది. రాత్రి పూట హైవే మీద కళ్ల ముందు వెలుగు లేకుండా చెక్క మాత్రమే కనిపించడం ఎంత విశ్రాంతిగా ఉంటుందో నడిపినవారికి తెలుస్తుంది. వాంక్విష్‌లోనూ ముఖ్యమైన పనులకు బటన్లు, చక్రాలు ఉంచారు, స్క్రీను ఉన్నా దాని మీద ఆధారపడనక్కరలేదు. ఫెరారీలో ఇదే పెద్ద లోపం. స్టీరింగ్ మీద బటన్లకు బదులు వేలితో తాకే పలకలు పెట్టారు. కదులుతున్న కారులో అవి ఒకసారి పలికి ఒకసారి పలకవు, పొరపాటున తగిలితే అక్కరలేనిదేదో మారిపోతుంది. ఈ ఫిర్యాదును ఫెరారీ స్వయంగా ఒప్పుకున్నట్టే అయింది: 2025 జూలైలో వచ్చిన అమాల్ఫీ కారులో స్టీరింగ్ మీదికి అసలైన బటన్లు తిరిగి వచ్చాయి.

మన రోడ్లకు తెస్తే

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి ఈ కార్ల మీద మనసు పడినవారు కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి. మన దేశంలో 12చిలింద్రిని 8.50 కోట్ల ఎక్స్-షోరూం ధరకు, వాంక్విష్‌ను 8.85 కోట్లకు ప్రవేశపెట్టారు. వీటి మీద లైఫ్ ట్యాక్సు, బీమా, నచ్చిన అమరికలు కలిస్తే ఆన్‌రోడ్ ధర ఇంకా చాలా పైకి పోతుంది. విదేశాల్లో పూర్తిగా తయారై వచ్చే ఈ శ్రేణి కార్ల మీద దిగుమతి సుంకాల భారం ఏళ్ల తరబడి కారు అసలు విలువను మించి ఉంటూ వచ్చింది. 2025 జూలై 24న సంతకాలైన భారత-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో బ్రిటన్ కార్ల మీద నిర్ణీత సంఖ్య వరకు సుంకాన్ని దశలవారీగా తగ్గించే అంశం ఉంది. క్రూలో తయారయ్యే బెంట్లీకీ, ఇంగ్లండ్‌లోనే ఉన్న గేడన్ నుంచి వచ్చే ఆస్టన్ మార్టిన్‌కూ అది వర్తించే విషయం. ఇటలీలోని మారనెల్లో నుంచి వచ్చే ఫెరారీకి ఆ ఒప్పందంతో పని లేదు, దాని లెక్క ఐరోపా సమాఖ్యతో ముడిపడినది. కాబట్టి బ్రిటిష్ కారు కొనేవారు డీలరు చెప్పే ధర ఏ సుంకం ప్రకారం వేసినదో అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి.

వేగం సంగతి చెప్పనక్కరలేదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ పరిమితి గంటకు 120. ఆ వేగంలో ఫెరారీ ఇంకా ఒళ్లు విరుచుకుంటూనే ఉంటుంది. బెంట్లీ అయితే ఆ పరిమితి మొత్తాన్నీ విద్యుత్తు మీదే అందుకోగలదు. ఇంట్లో పార్కింగు దగ్గర చార్జింగు పాయింటు ఉంటే వారం రోజుల ఊరి తిరుగుడు పెట్రోలు లేకుండా గడిచిపోతుంది. చార్జింగు సౌకర్యం లేని అపార్ట్‌మెంటులో ఉండేవారు మాత్రం ఖాళీ బ్యాటరీని మోసుకు తిరగడానికి డబ్బు పోస్తున్నట్టే, వారికి ఈ కారు సగమే దక్కుతుంది.

స్పీడ్ బ్రేకర్లకంటే సెల్లార్ ర్యాంపు పెద్ద పరీక్ష. ఈ మూడింటికీ ముక్కు పొడవు ఎక్కువ, నేలకు ఎత్తు తక్కువ. ముక్కును పైకి లేపే సదుపాయం ఉందా, ఉంటే విడిగా డబ్బు కట్టాలా అని అడగాలి. వీలైతే డెమో కారును మీ ఇంటికే తెప్పించి, ర్యాంపు దిగే చోట ఎవరినైనా కింద కూర్చోబెట్టి ముక్కు తగులుతుందో లేదో చూడమనాలి. షోరూం వాళ్లు మొహమాటపడతారు, పడనివ్వండి. ఫెరారీ టైర్లు ముందు 275/35, వెనుక 315/35, రెండూ 21 అంగుళాలవి. ముందు టైరు రబ్బరు గోడ ఎత్తు పది సెంటీమీటర్లకు లోపే, గుంతలో పడితే రిమ్ముకు రక్షణ అంతే. బెంట్లీ గాలి స్ప్రింగులు గతుకులను మింగడంలో నిస్సందేహంగా ముందుంటాయి, దాని టైర్లు మాత్రం 22 అంగుళాలవి కనుక రిమ్ముల భయం దానికీ ఉంది. సర్వీసు సెంటరు ఏ ఊళ్లో ఉందో, కారు అక్కడికి లారీ మీద వెళ్లాలంటే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఫెరారీ తన కార్లకు ఏడేళ్ల షెడ్యూల్డ్ సర్వీసును ధరలోనే కలిపి ఇస్తుంది, ఎక్కువకాలం ఉంచుకునేవారికి అది చిన్న విషయం కాదు.

ఎవరికి ఏది

భార్యాభర్తలు, ఒకరిద్దరు పిల్లలు ఉండి, నిజంగానే ఈ కారులో ఊళ్లు తిరగాలనుకుంటే బెంట్లీ తప్ప ఇంకోటి చూడనక్కరలేదు. అయితే ఇంతవరకూ చెప్పుకున్న స్పీడ్ రకం వద్దంటాను. అదే కారులో 680 హార్స్‌పవర్, 930 న్యూటన్ మీటర్ల హైబ్రిడ్ రకం ఉంది. వందకు 3.7 సెకన్లు పడుతుంది, గరిష్ఠ వేగం 270. స్పీడ్‌తో తేడా కాగితం మీద కనబడుతుంది గానీ ఏ దేశంలోనైనా రోడ్డు మీద అవసరపడే సందర్భం దాదాపు రాదు. మిగిలిన డబ్బును తిరిగే తెరకూ, మంచి తోలుకూ, పెద్ద స్పీకర్లకూ పెట్టుకోవచ్చు.

ఇంజినే ప్రధానమైనవారు ఫెరారీని కొనాలి. టర్బో గానీ మోటారు గానీ లేకుండా 9500 చుట్లు తిరిగే పన్నెండు సిలిండర్ల ఇంజినును ముందు పెట్టుకున్న కారు ఇప్పుడు మరెక్కడా దొరకడం లేదనే చెప్పాలి. కాలుష్య నిబంధనల వరస చూస్తే ఇక ముందు పెరిగే అవకాశం లేదు. స్టీరింగ్ మీది తాకుడు పలకలను ఆ ఇంజిను కోసం క్షమించవచ్చు. నల్లపట్టీ నచ్చకపోతే ముదురు రంగు తీసుకుంటే సరి.

వాంక్విష్ విషయంలోనే తీర్పు కష్టం. పక్కనుంచి చూస్తే మూడింటిలో అందమైనది, బద్ధకంగా నడిపినా, దూకుడుగా నడిపినా ఒకే ఠీవి, ఏడాదికి వెయ్యికి లోపే తయారుచేస్తామన్న మాట వల్ల రోడ్డు మీద ఇంకొకటి ఎదురుపడే ప్రమాదమూ తక్కువ. కానీ దాని అసలు పోటీ ఫెరారీ కాదు, సొంత ఇంట్లోని డీబీ12. మన దేశంలో 4.59 కోట్ల ఎక్స్-షోరూం ధరతో వచ్చిన ఆ కారుకు 680 హార్స్‌పవర్, 800 న్యూటన్ మీటర్ల వి8 ఉంది, వందకు 3.6 సెకన్లు, గరిష్ఠ వేగం 325, పైగా వెనుక పేరుకైనా రెండు సీట్లు. దాదాపు సగం ధరకు తొంభై పాళ్ల అనుభవం దొరుకుతుంటే, పొడవైన బానెట్ కింద పన్నెండు సిలిండర్లు ఉండితీరాలన్న పట్టుదల ఉన్నవారు మాత్రమే వాంక్విష్‌కు వెళ్లాలి. ఆ పట్టుదల ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, ఒకదాని తరువాత ఒకటి నడిపి చూడాలి. అదీ ముందు వాంక్విష్, తరువాత డీబీ12, ఆ వరుసలోనే. రెండోది నడుపుతున్నప్పుడు మొదటిది గుర్తుకు రాకపోతే డీబీ12 బుక్ చేసేయవచ్చు.